వేలెడంత లేని సైన్యం

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ ఉంది. అది అమ్మే ప్రధాన సరుకు బూడిదరంగు ప్లాస్టిక్. పెట్టె విప్పితే సైనికులు కనబడరు. వాళ్ల చేతులు, కాళ్లు, తలలు, తుపాకులు విడివిడిగా ఒక చట్రానికి అంటుకుని ఉంటాయి. కొన్నవాళ్లే వాటిని కత్తిరించి, అంచులు గీకి, జిగురుతో అతికించి, రంగులు వేసుకోవాలి. ఆ రంగులూ కుంచెలూ కూడా ఆ కంపెనీయే అమ్ముతుంది. సగం పని కొన్నవాడి నెత్తిన పెట్టి, పనిముట్లకు మళ్లీ డబ్బు వసూలు చేసే ఈ సంస్థ 2024 డిసెంబరులో లండన్ స్టాక్ మార్కెట్‌లోని అగ్రశ్రేణి వంద కంపెనీల సూచీలో చేరింది. కొనేవాళ్లకు ఇంట్లో వేరే పని లేక కాదు.

ఆ పెట్టెల వెనక ఉన్నది వార్‌హామర్ అనే ఆట. 1983లో మొదలైంది. సుదూర భవిష్యత్తులో జరిగే దాని రెండో రూపం వార్‌హామర్ 40,000 1987లో వచ్చింది. ఇద్దరు ఆటగాళ్లు బల్ల మీద చెరో సైన్యాన్ని మోహరించి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ, పాచికలు వేసి యుద్ధం చేస్తారు. ఈ రెండో ఆటలో ఇటీవలి నియమాల ప్రకారం నూరు పాయింట్లలో పది, సైన్యానికి రంగులు వేసి తెచ్చినందుకే దక్కుతాయి. ఆ పదికోసం ఎవరైనా నెలల తరబడి కుంచె పట్టుకు కూర్చుంటారంటే నమ్మలేం. ఒక్క ఆటా ఆడకుండా సైన్యం తర్వాత సైన్యానికి రంగులు వేస్తూ పోయేవాళ్లు ఉన్నారు. వాళ్లకు యుద్ధం ఒక నెపం.

పూర్వం ఇలా లేదు. లండన్‌కు చెందిన విలియం బ్రిటన్ కంపెనీ 1893లో లోపల గుల్లగా ఉండే సీసపు సైనికులను పోతపోయడం మొదలుపెట్టింది. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో, అలాంటి సైనికులను నేలమీద బారులు తీర్చి బొమ్మ ఫిరంగులతో పడగొట్టే ఆటకు నియమాలు రాశాడు. ఆ సైనికులు రంగులద్దుకునే దుకాణానికి వచ్చేవాళ్లు. రంగు వేయడం అప్పట్లో జీతానికి చేసే పని. ఇప్పుడు అదే పని చేయడానికి జనం ఎదురు డబ్బిస్తున్నారు.

ఇంతకీ ఆ పనిలో ఏముంది? బొమ్మ ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. అంత చిన్నదాని మీద గది వెలుతురు పడితే అంగీ మడతల్లో చెప్పుకోదగ్గ నీడ ఏర్పడదు. ఒకే రంగు పూసి వదిలేస్తే ముద్దలా కనిపిస్తుంది. కాబట్టి నీడనూ వెలుగునూ కూడా రంగుతోనే వేయాలి. మొదట ప్రైమర్, అంటే కొండపల్లి బొమ్మకు రంగుల ముందు వేసే సున్నపు పూత లాంటిది. దాని మీద అసలు రంగు, నీళ్లతో పలచన చేసి రెండు పూతలు. చిక్కగా ఒకే పూత వేస్తే శిల్పి కష్టపడి చెక్కిన బొత్తాలు, గొలుసులు అన్నీ పూడిపోతాయి.

తర్వాత వచ్చే వాష్‌తోనే చాలామంది ఈ అభిరుచికి బానిసలవుతారు. అది నల్లగానో గోధుమగానో ఉండే పలచటి ద్రవం. బొమ్మంతా పులిమితే దానంతట అదే జారి సందుల్లో, మడతల్లో చేరి ఆరుతుంది. పది నిమిషాల క్రితం ప్లాస్టిక్‌గా ఉన్న ముఖానికి బుగ్గలు, ముక్కుపుటాలు, వయసు వచ్చేస్తాయి. ఇందులో మన ప్రతిభ కన్నా గురుత్వాకర్షణ ప్రతిభే ఎక్కువ. అయినా పొగడ్త మనమే పుచ్చుకుంటాం. ఆ పైన డ్రై బ్రష్: కుంచెకు అంటిన లేతరంగును దాదాపు మొత్తం తుడిచేసి బొమ్మ మీద తేలిగ్గా ఆడిస్తే, ఎత్తుగా ఉన్న అంచులకు మాత్రమే అంటుకుంటుంది. కవచం మెరిసినట్టవుతుంది.

ఇవి చల్లటి దేశంలో పెరిగిన పద్ధతులు. మే నెలలో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఫ్యాన్ కింద కూర్చుంటే, ఆక్రిలిక్ రంగు కుంచె ముంచేలోపే పళ్లెంలో అట్టకడుతుంది. తడి స్పాంజి మీద బేకింగ్ కాగితం పరిచి, రంగును దానిమీద కలుపుకోవడమే మార్గం. స్ప్రే ప్రైమర్ అయితే ఎండవేడికి గాల్లోనే ఆరి బొమ్మ మీద పొడిపొడిగా రాలుతుంది. తెల్లవారుజామున డాబా ఎక్కాలి. ఇరుగుపొరుగుకు ఏం చెబుతారో మీ ఇష్టం.

ఒక బొమ్మకైతే ఇదంతా సరదా. ఈ ఆటలోని ఓర్క్‌లనే రాక్షసుల సైన్యం కడితే బొమ్మలు నూరు దాటవచ్చు. పదిమందిని వరుసగా నిలబెట్టి పదిమందికీ బెల్టులు, మళ్లీ మొదటివాడి దగ్గరకొచ్చి పదిమందికీ బూట్లు. మూడో వరుసకు వచ్చేసరికి ఎవరికైనా విసుగు పుడుతుంది, ఇంకో కొత్త పెట్టె కొనాలనిపిస్తుంది. విప్పని పెట్టెల గుట్టలు అలాగే పెరుగుతాయి. ఆ విసుగును దాటినవాళ్లకు ఒక విషయం అర్థమవుతుంది: సైన్యాన్ని చూసేది చేయి చాచినంత దూరం నుంచి. ఒక్కొక్కడిని ఎత్తి చూస్తే గీత పక్కకు పోయి ఉంటుంది, బెల్టు రంగు చొక్కాకు అంటి ఉంటుంది. నూరుమంది ఒకే ఎరుపులో, ఒకే రకం ఇసుక అంటించిన పీఠాల మీద నిలబడితే కన్ను ఆ ఎరుపునే పట్టుకుంటుంది, తప్పుల జోలికి పోదు. అందుకే అనుభవజ్ఞులు మూడు రంగులు ఎంచుకుని, వాటిని చివరిదాకా మార్చరు.

1987 నుంచి ఆ కంపెనీయే గోల్డెన్ డీమన్ అనే పోటీ నడుపుతోంది. అగ్ర బహుమతి నిజంగానే ఒక పెద్ద కత్తి. అక్కడికి వెళ్లే బొమ్మలు అద్భుతాలే. కానీ ఆ ఫొటోలు ఫోన్‌లో బొమ్మ అసలు పరిమాణానికి అనేక రెట్లు పెరిగి కనిపిస్తాయి. వాటిని చూసి తన నూరుమందినీ చిన్నచూపు చూసుకోవడం, నా లెక్కలో, ఈ సరదాను చంపుకునే సులువైన దారి. నెలలు పట్టే ఒక బొమ్మ వేరు, నెలలు పట్టే సైన్యం వేరు. రెండో దానికి కావలసింది నైపుణ్యం కన్నా ముగించే ఓపిక.

ఉదాహరణకు కళ్లు. మిల్లీమీటరు కూడా లేని కంట్లో తెలుపు గీసి, మధ్యలో నల్లచుక్క పెట్టబోతే, సైనికుడు కరెంటు షాకు తగిలినట్టు చూస్తాడు. చాలా పెట్టెల్లో ముఖం మొత్తం కప్పే శిరస్త్రాణం ఉన్న తలలు కూడా ఇస్తారు. వాటిని వాడుకోవడంలో అవమానం ఏమీ లేదు. మరోవైపు, పైవస్త్రం వెనక ఎవరికీ కనబడని భుజానికి కూడా రంగు వేసేవాళ్లున్నారు. ఎందుకంటే, అది అక్కడుందని వాళ్లకు తెలుసు.

డబ్బిస్తే సైన్యం మొత్తానికి రంగులు వేసిపెట్టే వృత్తికారులూ ఉన్నారు. వాళ్ల పని మామూలు అభిరుచిదారుల పనికన్నా చాలా నయం. అలా వేయించుకున్నవాడిని అడిగితే ఖరీదు చెబుతాడు, చేతికి రావడానికి ఎంత ఆలస్యమైందో చెబుతాడు, అక్కడితో సరి. సొంతంగా వేసుకున్నవాడిని మాత్రం తీరిక చూసుకుని అడగాలి. మూడో వరుసలో ఎడమ చివరివాడి బూట్లు వేరే గోధుమరంగులో ఎందుకున్నాయో చెప్పడానికే పావుగంట పడుతుంది.