విద్యుత్ పనివారి చాకు

మా పాఠశాలలో చదువు ముగించిన బాలురలో కొందఱు ఏటేట ఐ.టి.ఐ.లో చేరి, పిమ్మట హోసూరు, బెంగుళూరు పట్టణములలో క్రొత్తగా కట్టుచున్న ఇండ్లలో విద్యుత్తీగెల పనికి పోవుచున్నారు. వారిలో ఒకడు మొన్నటి సెలవులలో ఎడమచేతి బొటనవ్రేలికి కట్టుతో మమ్ము చూడవచ్చెను. విఱిగిన హాక్సా బ్లేడుకు సానపట్టి, ఒక కొనకు నల్లటేపు చుట్టి, దానినే చాకుగా వాడుచుండెనట. పని నడుమ అది పుటుక్కున విఱిగి వ్రేలిలో దిగెను. "మేస్త్రీ గూడ అదే వాడుతాడు సార్" అని వాడు చెప్పెను. ఆ మాటయే మాచేత ఈ వ్యాసము వ్రాయించినది.

హాక్సా బ్లేడు ఇనుము కోయుటకు చేయబడినది గాని చాకుగా నుండుటకు గాదు. అందు రెండు జాతులు గలవు. ఒకటి నిలువెల్ల గట్టిపఱచినది. అది గాజువలె పెళుసు, ప్రక్కకు వంచినచో విఱుగును. రెండవది పండ్లను మాత్రమే గట్టిపఱచి వీపును మెత్తగా విడిచినది. అది విఱుగదు గాని, వీపున పట్టిన పదును నాలుగు తీగెలు ఒలిచినంతనే పోవును. అంతేగాక వీపున పదును పెట్టినవాని అరచేతికి పండ్లు తగులుచునే యుండును. ఊరక దొరకునది గదా యని కుఱ్ఱవారు దానిని ఆశ్రయింతురు. తప్పు వారిది గాదు. మంచి చాకు ఎట్లుండునో వారికి చెప్పినవారు లేరు.

ముందు చాకుతో చేయవలసిన పని యేమో చూతము. ఇండ్లలో వాడు తీగెలలో రాగిపై పి.వి.సి. తొడుగు ఉండును. దీపములకు సాధారణముగా 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగెను, గీజరు వంటి వానికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగెను వేయుదురు. తొడుగును ఒలుచునపుడు రాగికి గాటు పడినచో, తీగెను వంచినపుడెల్ల భారము ఆ గాటుమీదనే పడి కడకు అచ్చటనే తెగును. పోగులు కొన్ని తెగినచో మిగిలిన పోగులే విద్యుత్తునంతయు మోయవలసివచ్చును. ఆ చోటు వేడెక్కును. స్విచ్చుపెట్టెలో జరుగు ఈ అపకారము ఇంటివారికి ఏండ్లు గడచినగాని తెలియదు. కావున చాకును తీగెచుట్టు గుండ్రముగా త్రిప్పి కోయరాదు. పెన్సిలు చెక్కునట్లు ఏటవాలుగా, దేహమునకు దూరముగా త్రోయుచు తొడుగును చెక్కవలెను. చిన్న తీగెలకు వైరు స్ట్రిప్పరు కొనగలిగిన అది చాకుకంటె మేలు. చాకు నిజముగా అక్కఱకు వచ్చునది లావు కేబుళ్ల పైతొడుగు కోయునపుడు. అట్టి పనికి చిలుకముక్కువలె లోపలికి వంగిన అలుగు అనుకూలము. ఉక్కు కవచము గల కేబులును మాత్రము ఏ చాకుతోను కోయ యత్నింపరాదు; దానికి హాక్సాయే తగినది.

ఇక చాకు రూపము. మడవని చాకు అన్నిటికంటె దృఢమైనది, ఏలయన దానికి విఱుగుటకు కీలు లేదు. స్వీడను దేశపు మోరా ప్రాంతమున 1891లో నెలకొన్న కార్ఖానా వంశమునుండి వచ్చు చాకులు ఇందుకు పేరుగన్నవి: ప్లాస్టికు పిడి, ప్లాస్టికు ఒర, ఆడంబరమేమియు లేదు. మడతచాకు కొన్నచో అలుగు బిగిసి నిలుచునట్టిదే కొనవలెను. లేనిచో అది వ్రేళ్లమీదికి మూసుకొనును. ఫ్రాన్సులోని ఒపినెల్ వారు 1955లో ఇందుకై అలుగు మొదట త్రిప్పు ఉంగరమును చేర్చిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యపు సిగ్నలు దళము వాడిన టి.ఎల్.-29 చాకులో కోయుటకొక అలుగు, స్క్రూలు త్రిప్పుటకు వేఱొక అలుగు ఉండెను. చాకు మొనతో స్క్రూ త్రిప్పరాదని సైన్యమువారికి గూడ తెలిసియుండెను గాబోలు.

ముక్కముక్కగా విఱుచు కట్టరును జపాను దేశస్థుడు ఓకాడా యోషియో 1956లో కల్పించెను. చాకొలెటు బిళ్లను చూచి ఆ యూహ పొందెనని చెప్పుదురు. ఇది మిక్కిలి చౌక. అయినను 9 మిల్లీమీటర్ల సన్న బ్లేడు అట్టపెట్టెలకే తగును. తీగెపనికి 18 మిల్లీమీటర్లది కొనవలెను. విఱిచిన ముక్కలను నేలపై పాఱవేయక డబ్బీలో వేయవలెను. కట్టడములలో వట్టికాళ్లతో తిరుగు పసివారును ఉందురు.

ఉక్కు సంగతి. ఈ మాట మనకును కన్నడమువారికిని ఒకటే. తమిళమువారి 'ఎఃకు' దీనికి చుట్టమే. ప్రాచీన కాలమున మన దేశపు ఉక్కుకు ఐరోపావారు పెట్టిన 'వూట్జ్' అను పేరు ఈ మాటనుండియే పుట్టెనని పలువురు తలంతురు. కార్బను ఉక్కు సులభముగా పదునెక్కును గాని, చెమటకును తడిసిమెంటుకును తుప్పుపట్టును. సాయంకాలము తుడిచి నూనె చుక్క రాయగలవానికే అది తగును. తుడుచు ఓపిక లేనివాడు స్టెయిన్‌లెస్ కొనుట మంచిది. గట్టిదనము రాక్‌వెల్ కొలతలో 56 మొదలు 60 వఱకు ఉన్న చాలును. అంతకు మించినచో సానరాయిపై నూఱుట కష్టము, మొన పెళుసగును.

పిడికి నల్లటేపు చుట్టినంతనే చాకు విద్యుత్తును ఆపునను భ్రమ పనివారిలో మెండు. మన యింటి విద్యుత్తు 230 వోల్టులు. వ్రేలు కొంచెము జాఱి అలుగుపై పడిన చాలును. 1000 వోల్టుల గుర్తు, జంట త్రికోణముల ముద్ర గల చాకులు వేఱుగ నుండును. వాని వెల హెచ్చు. అవి ఉన్నను లేకున్నను మెయిను స్విచ్చు తీసి, టెస్టరుతో చూచి, పిమ్మటనే తీగె పట్టవలెను.

తలిదండ్రులకు మా మనవి యొకటి. కొడుకు మొదటిసారి పనికి పోవునపుడు చొక్కాతోబాటు ఒర గల చాకునొకదానిని, చిన్న సానరాయిని గూడ కొనియిండు. ఆ చాకు ఉండవలసినది పనిసంచిలో. నిచ్చెన ఎక్కువాని ప్యాంటు జేబులో గాదు.