మా ఋణములు: ఒక మాట వెనుక మాట

సెమినరీలో లాటిన్ చదివిన రోజుల్లో డబ్బును గూర్చిన మాటలే మాకు త్వరగా గుర్తుండిపోయాయి. వాటిలో కొన్ని మన బైబిలు పఠనానికి నేటికీ ఉపయోగపడతాయి.

లాటిన్‌లో డబ్బు ‘పెకూనియా’. పశువుల మంద అనే అర్థమిచ్చే ‘పెకుస్’ నుండి అది వచ్చింది. మన ‘పశువు’ ఆ మాటకు దూరపు చుట్టమే. అబ్రాహాము, యోబుల ఐశ్వర్యాన్ని లేఖనం మందలతో లెక్కించడం ఇందుకే వింతగా తోచదు. ‘దేనారియుస్’ అంటే పదింటిది. మొదట్లో అది ‘ఆస్’ అనే పది కంచు నాణేలకు సమానమైన వెండి నాణెం. ద్రాక్షతోట కూలివానికి దొరికిన దేనారము అదే. కువైట్ వెళ్లిన మన గోదావరి జిల్లాల సహోదరీలు సంపాదించే దినారు పేరు కూడా దాని నుండి వచ్చినదే.

వడ్డీ ‘ఉసూరా’, అనగా వాడుకోవడం. ఒకరి సొమ్ము వాడుకున్నందుకు కట్టేది వడ్డీ. ‘క్రేదితుమ్’ అంటే నమ్మి ఇచ్చినది. విశ్వాస ప్రమాణంలోని మొదటి మాట ‘క్రేదో’, అంటే ‘నేను నమ్ముచున్నాను’, దీని మూలమే. అప్పు ఇవ్వడమంటే ముందు మనిషిని నమ్మడం.

ఇక ‘దేబితుమ్’. ఒకరి దగ్గర నుండి తీసుకొని ఉంచుకున్నది, తిరిగి ఇవ్వవలసినది. 4వ శతాబ్దం చివర సువార్తల లాటిన్ పాఠాన్ని సవరించిన జెరోము పాఠంలో, మత్తయి 6:12లో ఈ మాటే ఉంది. లూకా 11:4లో మాత్రం దేవుడు క్షమించవలసినవి ‘పెక్కాతా’, పాపములు. అయితే అదే వచనంలో మనం క్షమించవలసినవాడు మనకు బాకీ ఉన్నవాడే! పాపక్షమాపణను అడిగే నోటితోనే బాకీదారుని మాట ఎత్తక తప్పదు.

ప్రియులారా, ప్రతి ఆదివారం ఈ ప్రార్థన చెబుతున్నాము. అయినా చేబదులు తీర్చలేక, ఇచ్చినవారి ముఖం చూడలేక ఆరాధనకు రావడం మానేసిన కుటుంబాలు మన సంఘాల్లో లేవా? ఇచ్చినవారు ముందు వరుసలో కూర్చొని ఆమేన్ అంటున్నారు. కాపరులమైన మేము ఆ ఖాళీ స్థలాన్ని చూసి కూడా అడగకుండా ఊరుకున్నాము. అది మా తప్పు.

అప్పు ఎగ్గొట్టవచ్చని మేము చెప్పడం లేదు. ఎవనికీ ఏమీ అచ్చియుండవద్దనే పౌలు ఆజ్ఞ రోమా 13:8లో స్పష్టంగానే ఉంది. ఇచ్చినవారిని మాత్రం ఒకటి అడుగుతున్నాము: వచ్చే ఆదివారానికి ముందే ఆ ఇంటి తలుపు తట్టండి. గడువు ఇస్తారో, వడ్డీ వదులుతారో, అసలే వదులుతారో మీ ఇష్టం. ముందు ఆ కుటుంబాన్ని ఆరాధనకు వెంటబెట్టుకు రండి. ఒకప్పుడు వారిని నమ్మే కదా ఇచ్చారు!