అత్యంత ప్రమాదకరమైన వృత్తి ఏది? – కొలమానాలు, లెక్కకు అందని మరణాలు

వ్యాససంగ్రహం

ఒక వృత్తి ఎంత ప్రమాదకరమైనదో నిర్ణయించడానికి మరణాల సంఖ్య ఒక్కటే చాలదు. ఆ పని ఎంతమంది, ఎన్ని గంటలు చేస్తున్నారో తెలియాలి. ఏ మరణాన్ని పనివల్ల కలిగిన మరణంగా పరిగణిస్తున్నారో కూడా తెలియాలి. అమెరికా కార్మిక గణాంకాలు, మన బొగ్గుగనుల లెక్కల ఆధారంగా ఈ కొలమానాలను వివరించడం, కల్లుగీత, వ్యవసాయ కూలి, మురుగు శుభ్రత, రాతిపని వంటి వృత్తులు వాటికి ఎందుకు అందడం లేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వృత్తి ప్రమాదం, మరణాల రేటు, గీతవృత్తి, సింగరేణి, వృత్తివ్యాధులు, అసంఘటిత కార్మికులు

1. ప్రవేశిక

అత్యంత ప్రమాదకరమైన ఉద్యోగం ఏదని అడిగితే చాలామంది సైనికుడనో, పోలీసనో, అగ్నిమాపక సిబ్బంది అనో చెబుతారు. ఆపద కళ్లకు కనిపించే వృత్తులు కాబట్టి ఆ సమాధానం సహజమే. అయితే వృత్తులవారీగా మరణాలను క్రమబద్ధంగా లెక్కించే అమెరికాలో పోలీసుల మరణాల రేటు చెట్లు నరికేవారి రేటు కంటే, ఇళ్ల పైకప్పులు వేసేవారి రేటు కంటే చాలా తక్కువగా నమోదవుతోంది. జనాభిప్రాయానికీ గణాంకానికీ మధ్య ఇంత అంతరం ఉన్నప్పుడు గణాంకాన్ని ఆశ్రయించక తప్పదు. ఆ గణాంకం దేన్ని లెక్కిస్తుంది, దేన్ని వదిలేస్తుంది అన్నది తరువాతి ప్రశ్న.

వృత్తికీ అనారోగ్యానికీ ఉన్న సంబంధాన్ని శాస్త్రీయంగా చర్చించిన తొలి ప్రముఖుడు ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని. 1700లో వెలువడిన తన లాటిన్ గ్రంథంలో ఆయన, రోగిని అడిగే ప్రశ్నలకు అతని వృత్తి ఏమిటన్న ప్రశ్నను కూడా చేర్చాలని వైద్యులకు సూచించాడు. మరణాన్ని నమోదు చేసేవారికి కూడా ఆ సూచన వర్తిస్తుంది.

2. సంఖ్య, రేటు

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 1992 నుండి దేశవ్యాప్తంగా పనిలో జరిగిన ప్రాణాంతక ప్రమాదాలను ఏటా లెక్కిస్తోంది. 2023లో ఇటువంటి మరణాలు 5,283. సంఖ్యనుబట్టి చూస్తే ముందు వరుసలో నిలిచేది సరుకు రవాణా వాహనాల డ్రైవర్లు. ఏటా సుమారు వెయ్యిమంది మరణిస్తున్నారు. చెట్లు నరికేవారిలో మరణాలు సుమారు 50 మాత్రమే. కాని డ్రైవర్లు లక్షల సంఖ్యలో ఉంటే, చెట్లు నరికేవారు కొన్ని వేలమందే. అందువల్ల మరణాల సంఖ్యను పనిచేసేవారి సంఖ్యతో భాగించాలి. అలా చూస్తే 2023లో లక్షమంది పూర్తికాల కార్మికులకు సగటు మరణాల రేటు 3.5 కాగా, చెట్లు నరికేవారిలో అది 98.9, అంటే సగటుకు సుమారు 28 రెట్లు. చేపలవేట, పైకప్పుల పని ఆ తరువాతి స్థానాల్లో ఉన్నాయి.

ఇక్కడ ‘పూర్తికాల కార్మికుడు’ అన్నది ఒక గణన ప్రమాణం. ఏడాదికి 2,000 గంటల పనిని ఒక కార్మికునిగా పరిగణిస్తారు. ఆ లెక్కన లక్షమంది పని 20 కోట్ల గంటలు అవుతుంది. మరణాల సంఖ్యను 20 కోట్లతో గుణించి, ఆ వృత్తిలోని వారందరూ పనిచేసిన మొత్తం గంటలతో భాగిస్తే రేటు వస్తుంది. ఏడాదిలో మూడు నెలలే పనిచేసేవారికీ, ఏడాదంతా పనిచేసేవారికీ ప్రమాదంతో గడిపే కాలం ఒకటి కాదు కాబట్టి మనుషులను లెక్కించడం కంటే గంటలను లెక్కించడం సముచితం.

భిన్నంలో లవం, హారం ఉన్నట్లే ప్రతి మరణాల రేటులోనూ రెండు అంశాలుంటాయి. మరణాలు లవం, పనిచేసినవారు లేదా పనిగంటలు హారం. ఈ రెండింటిలో ఏది లోపించినా ఫలితం తప్పుతుంది.

3. హారం మారితే: బొగ్గుగనులు

మన దేశంలో ప్రమాదాలను దీర్ఘకాలంగా నమోదు చేస్తున్న కొద్ది రంగాల్లో గనులు ఒకటి. బొగ్గుగనుల భద్రతను ఒకటికి మించిన కొలమానాలతో చూపుతారు: వెయ్యిమంది కార్మికులకు ఎన్ని మరణాలు, మూడు లక్షల పనిషిఫ్టులకు ఎన్ని మరణాలు, పది లక్షల టన్నుల బొగ్గుకు ఎన్ని మరణాలు. మూడింటిలోనూ లవం ఒకటే, హారాలు వేరు.

1920లో కంపెనీగా ఏర్పడిన సింగరేణిని ఉదాహరణగా తీసుకొంటే ఈ తేడా స్పష్టమవుతుంది. ఇక్కడ భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టు గనులు రెండూ ఉన్నాయి. ఉత్పత్తిలో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టులది. భారీ యంత్రాలతో తవ్వే ఓపెన్‌కాస్టులో ఒక్కొక్క కార్మికుని వాటాకు వచ్చే బొగ్గు ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఓపెన్‌కాస్టుల వాటా పెరిగేకొద్దీ టన్నుల లెక్కన మరణాల రేటు దానంతటదే తగ్గుతుంది. భూగర్భంలో పైకప్పు కూలే ప్రమాదం, నీరు ముంచెత్తే ప్రమాదం అలాగే ఉన్నా ఆ రేటు తగ్గినట్లే కనిపిస్తుంది. 2003 జూన్‌లో గోదావరిఖని భూగర్భ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు మరణించారు. అటువంటి గనిలోకి ప్రతి షిఫ్టుకూ దిగే కార్మికునికి తన ప్రమాదం ఎంతో చెప్పగలిగేది షిఫ్టుల లెక్కే. టన్నుల లెక్క బొగ్గు ఎంత ప్రాణవ్యయంతో వెలికివచ్చిందో చెబుతుంది. ఒకటి కార్మికుని ప్రశ్నకు, మరొకటి ఉత్పత్తిదారుని ప్రశ్నకు సమాధానాలు. పరిశోధకులు ఒకదాని స్థానంలో మరొకదాన్ని ఉదహరించకూడదు.

4. హారం తెలియకపోతే: గీతవృత్తి

మోకు, ముత్తాదు, గుజి సాయంతో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుని పని ఎంత ప్రమాదకరమో తెలుగు పల్లెల్లో వేరుగా చెప్పనవసరం లేదు. వానకు తడిసిన మాను జారుతుంది. అరిగిన మోకు తెగుతుంది. పడినవారిలో ప్రాణం దక్కినా వెన్నుపూస దెబ్బతిని మంచానికే పరిమితమైనవారు ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య పేరుతో వీరికి భద్రతా కిట్ల పంపిణీ ప్రారంభించింది. ప్రమాదం ఉందన్న గుర్తింపు ఇందులో ఉంది. అయితే ఈ వృత్తి మరణాల రేటు ఎంత?

పరిహార దరఖాస్తుల ద్వారా లవం కొంతవరకు లభిస్తుంది. చిక్కు హారంతోనే. కల్లుగీత సహకార సంఘంలో సభ్యత్వం ఉన్నవారందరూ చెట్టెక్కరు. వృద్ధులు, పట్నం వలస వెళ్లినవారు, వేరే పనుల్లో స్థిరపడినవారు కూడా పుస్తకంలో సభ్యులే. దీని ప్రభావాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఒక సంఘంలో 200 మంది సభ్యులున్నారు. పదేళ్లలో ఒకరు చెట్టుపైనుండి పడి మరణించారు అనుకుందాం. సభ్యులందరినీ హారంగా తీసుకొంటే ఏడాదికి లక్షకు 50 మరణాల రేటు వస్తుంది. నిజంగా చెట్టెక్కేవారు 80 మందే అయితే రేటు 125. వారి ఏడాది పనిగంటలు పూర్తికాల పనిలో సగమే అయితే అది 250. మరణం ఒక్కటే అయినా రేటు ఐదు రెట్లు మారింది. మొదటి లెక్కలో గీతవృత్తి అమెరికాలో చెట్లు నరికే పనికంటే క్షేమమైనదిగా, చివరి లెక్కలో దానికి రెండున్నర రెట్లు ప్రమాదకరమైనదిగా కనిపిస్తుంది.

ఇదే ఉదాహరణ ఇంకొక హెచ్చరిక కూడా చేస్తుంది. మరొక మరణం జరిగితే ప్రతి రేటూ రెట్టింపవుతుంది; ఒక్క మరణమూ లేకపోతే సున్నా అవుతుంది. చిన్న సముదాయాల్లో ఒకటి రెండేళ్ల లెక్కలతో నిర్ణయానికి రావడం సరికాదు. అనేక గ్రామాల, అనేక సంవత్సరాల వివరాలను కలిపి చూడాలి.

5. లవంలో చేరని మరణాలు

వరినాట్లు వేస్తూ పిడుగుపాటుకు మరణించిన కూలి జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలో ప్రకృతి శక్తులవల్ల మరణించినవారిలో చేరుతుంది. ఆత్మహత్యలను వృత్తులవారీగా కూడా చూపే ఆ నివేదిక, ప్రమాద మరణాలను ప్రధానంగా కారణాలవారీగా చూపుతుంది. 2018లో ఉమ్మడి నల్లగొండ ప్రాంతంలో ఏప్రిల్‌లో ఒకసారి, జూన్‌లో ఒకసారి కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. మరణించినవారిలో అత్యధికులు స్త్రీలు. పనికి తీసుకువెళ్లే వాహనంలోనే వారు మరణించారు. కాని ఇటువంటి మరణాలు వాహన ప్రమాదాల లెక్కలోకి వెళ్తాయి. వ్యవసాయ కూలి ఎంత ప్రమాదకరమో ఏ ఒక్క పట్టికా చెప్పకపోవడానికి ఇది ముఖ్య కారణం.

నిర్వచనం ఒక మరణాన్ని ఎలా దాచగలదో మురుగు కాలువల శుభ్రత తెలియజేస్తుంది. మానవ మలాన్ని చేతులతో ఎత్తే పనిని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ పనివల్ల మరణాలేవీ నమోదు కాలేదని 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం రాజ్యసభకు తెలిపింది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లో విషవాయువులవల్ల మరణించినవారు ‘ప్రమాదకర శుభ్రత’ అనే వేరొక శీర్షిక కిందికి వస్తారు. ఈ వర్గీకరణ కాగితానికి పరిమితమైన విషయం కాదు. మురుగు మరణాలకు సుప్రీంకోర్టు 2014లో 10 లక్షల రూపాయల పరిహారం నిర్దేశించింది. 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. మరణం ఏ శీర్షిక కింద నమోదైందన్న దానిపై ఒక కుటుంబపు హక్కు ఆధారపడి ఉంటుంది.

చట్టం పరిధి కూడా లవాన్ని నిర్ణయిస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం విద్యుత్తు వాడే చోట 10 మంది, వాడనిచోట 20 మంది ఉంటే అది ఫ్యాక్టరీ. పదమూడు చట్టాలను కలిపి 2020లో రూపొందించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఆ సంఖ్యలను 20, 40కి పెంచింది. ఈ మార్పుతో ఎన్నో చిన్న యూనిట్లు ఫ్యాక్టరీ నిర్వచనానికి వెలుపల ఉండిపోతాయి.

6. ఆలస్యంగా వచ్చే మరణం

ఇంతవరకు చర్చించినవి ప్రమాద మరణాలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం పనికి సంబంధించిన కారణాలతో ప్రపంచంలో ఏటా దాదాపు 30 లక్షలమంది మరణిస్తున్నారు. వీరిలో ప్రమాదాలకు గురైనవారు సుమారు 3.3 లక్షలు, వ్యాధులతో మరణించినవారు సుమారు 26 లక్షలు. అంటే ‘ప్రమాదకర వృత్తుల’ జాబితాలు సాధారణంగా చూపేది మొత్తం మరణాల్లో తొమ్మిదోవంతు మాత్రమే.

మార్కాపురం వంటి చోట్ల పలకరాయిని కోసేటప్పుడు, క్రషర్లలో కంకర కొట్టేటప్పుడు లేచే సన్నని ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకొని సిలికోసిస్‌కు దారితీస్తుంది. లక్షణాలు బయటపడేసరికి ఏళ్లు గడుస్తాయి. అప్పటికి కార్మికుడు యజమానిని మార్చి ఉండవచ్చు. పనే మానివేసి ఉండవచ్చు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం వంటి లక్షణాలవల్ల దీన్ని క్షయగా పొరబడటం తరచు జరిగేదే. పరిహారం చెల్లించవలసిన వృత్తివ్యాధుల జాబితాలో సిలికోసిస్ ఉంది. కాని క్షయగా రాసిన చీటీ పరిహారం ఇప్పించలేదు. పైగా జబ్బుపడినవారు పని మానుకోవడంవల్ల, పనిలో మిగిలినవారిని మాత్రమే పరీక్షిస్తే ఆ వృత్తి ఆరోగ్యకరంగా కనిపిస్తుంది. దీన్నే ‘ఆరోగ్యవంతుడైన కార్మికుని ప్రభావం’ అంటారు. కాబట్టి పని మానినవారినీ పరిశీలనలో చేర్చుకోవాలి.

7. ముగింపు

ప్రమాదకర వృత్తుల వరుసక్రమం ఏదైనా మూడు ప్రశ్నలకు లోబడి ఉంటుంది: హారం మనుషులా, గంటలా, ఉత్పత్తా? లవంలో ఏ మరణాలు చేరాయి? వ్యాధులను లెక్కించారా? చెట్లు నరికే పని అమెరికా జాబితాలో అగ్రస్థానంలో ఉందంటే అక్కడ చెట్టు కింద మరణించినవారిని, ఆ పని చేసినవారి గంటలను లెక్కించారని కూడా అర్థం. మన జాబితాలో గీత కార్మికుడు, వ్యవసాయ కూలి కనిపించకపోతే వారి పని సురక్షితమని అర్థం చేసుకోకూడదు.

ఈ లోటును తీర్చడంలో విశ్వవిద్యాలయాలకు పాత్ర ఉంది. వృత్తి పదజాలం కోసం, కుల వృత్తుల చరిత్ర కోసం మన పరిశోధకులు ఇప్పటికే గ్రామాలకు వెళ్తున్నారు. పనిముట్ల పేర్లు అడిగే ప్రశ్నావళికి మరికొన్ని ప్రశ్నలు చేర్చవచ్చు: ఈ ఊళ్లో ఇప్పుడు ఈ పని నిజంగా చేస్తున్నవారు ఎందరు? ఏడాదిలో ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని గంటలు? గత పదేళ్లలో పనిలో మరణించినవారు, అవయవాలు కోల్పోయినవారు, జబ్బుతో పని మానినవారు ఎందరు? ఒక్కొక్క సిద్ధాంత గ్రంథంలో ఒక్కొక్క మండలం వివరాలు చేరినా, నేడు ఏ కార్యాలయంలోనూ లేని హారం క్రమంగా సమకూరుతుంది.