‘దెస్త్రుయిర్’ అంటే నాశనం చేయడం.. మరి చేసిందెవరు?

స్పానిష్ భాషలో నాశనం చేయడాన్ని ‘దెస్త్రుయిర్’ అంటారు. ఇది లాటిన్ నుంచి వచ్చిన మాట. లాటిన్‌లో ‘స్త్రుయెరె’ అంటే పేర్చడం, కట్టడం. దాని ముందు ‘దె’ చేరేసరికి అర్థం తిరగబడింది. పేర్చినదాన్ని కూలదోయడం అయింది. స్పానిష్‌లో ఇల్లు కట్టడానికి వాడే ‘కొన్‌స్త్రుయిర్’ కూడా ఇదే వేరు నుంచి పుట్టింది. అంటే నిర్మాణం, విధ్వంసం రెండూ ఒకే ఇంటి బిడ్డలన్నమాట.

ఈ క్రియను ఊళ్లకు, అడవులకే కాదు, సాక్ష్యాలను మాయం చేయడానికి, ఒకరి జీవితాన్ని పాడుచేయడానికి కూడా వాడతారు. పలికేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ‘దెస్త్రూయో’ అని మధ్యలో ఒత్తి పలికితే ‘నేను నాశనం చేస్తున్నాను’ అని అర్థం. చివరి ‘యో’ మీద ఒత్తితే ‘అతను నాశనం చేశాడు’ అవుతుంది. రాతలో ఈ తేడాను చూపేది చివరి అక్షరం మీద పెట్టే ఒక చిన్న గీత మాత్రమే. ఆ ఒక్క గీతతో నేరం ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకు మారిపోతుంది!

దీని నామవాచకం ‘దెస్త్రుక్సియోన్’. అమెరికా ఖండంలోని మూలవాసులపై స్పెయిన్ వాళ్లు సాగించిన దారుణాల గురించి బార్తొలొమే దె లాస్ కసాస్ అనే క్రైస్తవ సన్యాసి 1542లో ఒక పుస్తకం రాశారు. అది 1552లో అచ్చయింది. దాని పేరులోనే ఈ మాట ఉంది. స్వయంగా స్పెయిన్ దేశస్థుడై ఉండీ ఆయన తన వాళ్ల తప్పును దాచలేదు.

తెలుగులో ‘ఇల్లు కూలిపోయింది’ అనడానికి, ‘ఇల్లు కూల్చేశారు’ అనడానికి ఎంత తేడా ఉందో అందరికీ తెలుసు. ఉర్దూలో ‘తబాహ్ హో గయా’, ‘తబాహ్ కర్ దియా’ కూడా అంతే. స్పానిష్‌లో ‘ఫ్వే దెస్త్రుయీదా’ అంటే ‘ధ్వంసం చేయబడింది’. చేసిందెవరో చెప్పకుండానే వాక్యం పూర్తయిపోతుంది. చెప్పాలంటే ‘పోర్’ అనే మాట చేర్చి, ఆ తర్వాత పేరు పెట్టాలి.

ఆ పేరు దగ్గరే అసలు గొడవ. 1937 ఏప్రిల్ 26న బాస్క్ ప్రాంతంలోని గెర్నీకా పట్టణంపై జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు కురిపించాయి. పట్టణం ధ్వంసమైందన్నది ఎవరూ కాదనలేదు. అయితే వెనక్కి తగ్గుతున్న రిపబ్లిక్ వర్గీయులే తగలబెట్టారని ఫ్రాంకో వర్గం ప్రచారం చేసింది. క్రియ అదే, కర్తను మార్చేశారు. జర్మన్ విమానాల పాత్రను ఒప్పుకుంటూ ప్రాణాలతో మిగిలినవారికి జర్మనీ అధ్యక్షుడు రోమన్ హెర్జోగ్ సందేశం పంపింది 1997లో. అంటే ‘పోర్’ తర్వాత రావాల్సిన పేరు కోసం బాధితులు 60 ఏళ్లు ఎదురుచూశారు.

అందుకే ఏ భాషలోనైనా ‘ధ్వంసమైంది’ అన్న వార్త కనిపిస్తే, ఎవరు చేశారని కూడా అడగాలి.