రాదనుకున్నవాళ్లే రాసిన ప్రోగ్రాములు



నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయి మా బడికి కొత్తగా వచ్చిన పిల్లలు మాతో అనే మొదటి మాట దాదాపు ఒకటే: "సర్, నాకు తెలుగు రాయడం రాదు." అదే పిల్లలు కంప్యూటర్ గదిలోకి వెళ్లి, "ప్రోగ్రామింగ్ రాదు" అంటారు. ఈ వ్యాసం ఆ "రాదు" అనే మాట గురించే. తమకు ప్రోగ్రామింగ్ రాదని గట్టిగా నమ్మినవాళ్లు కూడా ప్రోగ్రాములు రాసేలా చేసిన ఒక పనిముట్టు ఉంది. దాని పేరు ఈమాక్స్. అది ఒక టెక్స్ట్ ఎడిటర్.

టెక్స్ట్ ఎడిటర్ అంటే అక్షరాలను రాయడానికి, దిద్దడానికి వాడే సాధనం. మీ కంప్యూటర్‌లోని నోట్‌ప్యాడ్ కూడా అలాంటిదే. మరి ఈమాక్స్‌కు ఉన్న ప్రత్యేకత ఏమిటి? మనందరికీ తెలిసిన పోలిక ఒకటి చెబుతాం. మనం ఉండే ప్రభుత్వ క్వార్టర్సులో గోడకు ఒక మేకు కొట్టాలన్నా వెనకాముందు ఆలోచిస్తాం. అర ఎత్తుగా ఉంటే స్టూలు వేసుకుంటాం తప్ప అరను కిందికి దించుకోం. ఊళ్లో సొంత ఇంట్లో అమ్మమ్మ అలా కాదు. తన చేతికి అందే ఎత్తులోనే అర వేయించుకుంటుంది. మనం వాడే సాఫ్ట్‌వేర్ చాలావరకు క్వార్టర్సు లాంటిది. ఈమాక్స్ సొంత ఇల్లు.

ఈమాక్స్‌లో ప్రతి మీటా ఒక ఆదేశాన్ని నడుపుతుంది. చివరికి మామూలు అక్షరం నొక్కినా, ఆ అక్షరాన్ని తెరమీద వేసే ఆదేశమే నడుస్తుంది. ఆ ఆదేశాలన్నీ చిన్న చిన్న ప్రోగ్రాములు. వాటిలో చాలావాటిని లిస్ప్ అనే భాషలో రాశారు. వాడేవారు వాటిని తెరిచి చూడవచ్చు, మార్చవచ్చు, కొత్తవి చేర్చవచ్చు.

దీని కథ 1976లో అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో మొదలైంది. అక్కడివారు టెకో అనే ఎడిటర్ వాడేవారు. ఎవరికి వారు తమ పని సులువు కావడానికి కొన్ని ఆదేశాలు రాసుకున్నారు. దాంతో ఒకరి మీటలు ఇంకొకరికి అర్థం కాకుండా పోయాయి. రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ తదితరులు వాటిని ఒక క్రమంలోకి తెచ్చారు. అదే మొదటి ఈమాక్స్. 1978లో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ కోసం ఈమాక్స్‌ను లిస్ప్‌లో తిరిగి రాశారు. ఇప్పుడు మనం ఉచితంగా దించుకుని వాడే గ్నూ ఈమాక్స్ 1985లో విడుదలైంది.

గ్రీన్‌బర్గ్ కార్యాలయంలో జరిగిన ఒక సంగతిని స్టాల్‌మన్ 2002లో ఒక ప్రసంగంలో చెప్పారు. అక్కడ పనిచేసే సెక్రటరీలు కూడా ఈమాక్స్ వాడేవారు. దానికి కొత్త ఆదేశాలు ఎలా చేర్చాలో వివరించే ఒక పుస్తకం వారికి అందింది. అది ప్రోగ్రామింగ్ అని మాత్రం ఆ పుస్తకం చెప్పలేదు. ప్రోగ్రామింగ్ తమ వల్ల కాదనుకునే ఆ సెక్రటరీలు అందుకే బెదరలేదు. చదివారు, ప్రయత్నించారు, తమకు పనికొచ్చే ఆదేశాలు రాసుకున్నారు. అలా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు.

ఎడిటర్‌తో ఇతరుల కోసం పూర్తి సాఫ్ట్‌వేర్‌నే తయారుచేసినవారు కూడా ఉన్నారు. అమెజాన్ సంస్థ తొలి రోజుల్లో కొనుగోలుదారుల ఈమెయిళ్లకు జవాబులిచ్చే ఉద్యోగుల కోసం మెయిల్‌మన్ అనే సాధనం ఉండేది. దాన్ని ఈమాక్స్‌లోనే నిర్మించారు. సాంకేతిక విద్య లేని ఆ ఉద్యోగులు దాన్ని ఎంతో ఇష్టంగా వాడారనీ, అది పోయాక కూడా తలచుకునేవారనీ అక్కడ పనిచేసిన స్టీవ్ యెగ్గీ రాశారు. ఇందులో ఆశ్చర్యం లేదు. ఉత్తరం రాయడమంటే అక్షరాలతో పని. వెతకడం, దిద్దడం, చేసిన తప్పును వెనక్కి తీసుకోవడం ఎడిటర్‌లో ముందే ఉన్నాయి. కట్టేవారు ఆ పనికి కావలసిన నాలుగు మీటలు చేరిస్తే చాలు.

మా అనుభవం కూడా ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఈశాన్యంలోని ఒక చిన్న పట్టణంలో పనిచేశాం. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో బదిలీ మీద వెళ్లే పిల్లలకు "గ్రంథాలయానికి పుస్తకాలేవీ బాకీ లేవు" అని చీటీ ఇవ్వాలి. లైబ్రరీలో పనిచేసే దీదీ ప్రతి చీటీనీ మొదటినుంచి టైపు చేసేవారు. మేము ఈమాక్స్‌లో ఒక చిన్న ఏర్పాటు చేసిపెట్టాం. ఎఫ్6 మీట నొక్కితే అది పేరు అడుగుతుంది, తరగతి అడుగుతుంది, చీటీ మొత్తం తానే రాసేస్తుంది. దీదీ సంతోషించారు. మాకూ కొంచెం గర్వంగానే అనిపించింది.

తర్వాత మాకూ బదిలీ అయింది. మరుసటి ఏప్రిల్‌లో దీదీ ఫోన్ చేశారు. చీటీలో పాత విద్యాసంవత్సరమే వస్తోందట. ప్రతి చీటీలో అంకెలు చెరిపి మళ్లీ రాస్తున్నారట. తప్పు మాదే. సంవత్సరాన్ని ప్రోగ్రాములోనే స్థిరంగా రాసేశాం. దాన్ని మార్చవచ్చని దీదీకి ఒక్క మాటైనా చెప్పలేదు. సొంత ఇల్లు కట్టి ఇచ్చామనుకున్నాం గానీ, ఇచ్చింది క్వార్టర్సే.

ఆ రోజు ఫోన్‌లోనే ఫైలు తెరిపించాం. మేము "ప్రోగ్రాము" అనే మాట ఎత్తలేదు. "అందులో సంవత్సరం ఎక్కడుందో చూడండి, దిద్దండి, సేవ్ చేయండి, ఈమాక్స్ మూసి మళ్లీ తెరవండి" అన్నాం. అయిదు నిమిషాలు పట్టింది. "ఇంతేనా సర్‌జీ?" అన్నారు. నెల తిరగకముందే మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి ఫిర్యాదు లేదు. తరగతి అడిగే వరుసను చూసి, అలాంటిదే ఇంకో వరుస రాసి, పిల్లల హౌస్ పేరు కూడా చీటీలో వచ్చేలా దీదీ తానే చేసుకున్నారు. మొదటిసారి బ్రాకెట్ ఒకటి తప్పిపోతే రెండు రోజులు తంటాలు పడ్డారట.

అప్పటినుంచి ఎవరికి ఏది చేసిచ్చినా మేము మూడు పనులు తప్పక చేస్తున్నాం. ఏటా మారే వివరాలను ఫైలులో అన్నిటికంటే పైన ఉంచుతున్నాం. ఒక్కో వరుస ఏం చేస్తుందో, వాడేవారి మాటల్లో దాని పక్కనే రాసిపెడుతున్నాం. వెళ్లేలోపు వారి చేతనే ఒక మార్పు చేయిస్తున్నాం. బదిలీ మీద తిరిగేవాళ్లం ఏ ఊళ్లోనూ ఎక్కువకాలం ఉండలేం. మనం చేసినది మనం వెళ్లాక కూడా నడవాలంటే, అక్కడ ఉండేవారి చేతికి అది అందాలి.

ఈమాక్స్ మొదట్లో కొంత ఇబ్బంది పెడుతుందని కూడా చెప్పాలి. దాని మీటల కలయికలు కొత్తగా ఉంటాయి. కాపీ, పేస్టు కూడా మీకు అలవాటైన మీటలతో జరగవు. కొన్నాళ్లు మెనూల సాయంతో నెట్టుకురావచ్చు.

ప్రయత్నించాలనుకునేవారికి ఒక చిన్న పని. మీ తరగతిలోని 40 మంది పేర్లు వరుసకొకటిగా రాయండి. మొదటి పేరు దగ్గర ఎఫ్3 నొక్కండి. ఇక మీరు చేసేదంతా ఈమాక్స్ గుర్తుపెట్టుకుంటుంది. పేరుకు ముందు మీ తరగతి రాసి, కింది వరుస మొదటికి రండి. ఎఫ్4 నొక్కితే గుర్తుపెట్టుకోవడం ఆగుతుంది. ఆ తర్వాత ఎఫ్4 నొక్కిన ప్రతిసారీ ఒక్కో పేరుకు అదే పని జరిగిపోతుంది. పేర్లు తెలుగులోనే రాయవచ్చు. తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ పద్ధతీ, ఇంగ్లీషు అక్షరాలతో రాసే పద్ధతీ రెండూ ఈమాక్స్‌లో ఉన్నాయి.

ఆ 40 పేర్లూ పూర్తయ్యాక మా దగ్గరికి వచ్చి చూపించండి. మీరు కంప్యూటర్‌కు ఒక పని నేర్పారు. దాన్ని ఏమంటారో అప్పుడు చెబుతాం.