బడి జ్ఞాపకము – వీథి జ్ఞాపకము



ప్రాచీనమైన ప్రతి పాఠశాలకును రెండు చరిత్రము లుండును. మొదటిది కార్యాలయపు బీరువాలో నుండునది. హాజరు పట్టీలు, జీతముల లెక్కలు, పరీక్షాఫలితముల జాబితాలు అందుండును. రెండవది అచ్చట చదివినవారి మనస్సులలోను, ఆ చుట్టుపట్ల కాపురమున్నవారి మనస్సులలోను ఉండునది. మొదటిదానికి చెదలు శత్రువు. రెండవదానికి మృత్యువు శత్రువు. కాగితము పోయిన నకలు దొరకవచ్చును గాని, మనిషి పోయిన వెనుక ఆతని జ్ఞాపకమునకు నకలు లేదు. ఈ రెండవ చరిత్ర యెట్టిది, దానికి గల విలువ యేమి, దానిని కూర్చుట యెట్లు అను మూడు విషయములను నేడు మనవి చేసెదను. దృష్టాంతముగా చెన్నపురి నడిబొడ్డునందలి జార్జిటౌనును గ్రహించుచున్నాను.

ఆంగ్లేయులు పూర్వము బ్లాకుటౌనని పిలిచిన పేట యిదియే. పిమ్మట అయిదవ జార్జి పేరిట జార్జిటౌను ఆయెను. తూర్పున ముత్యాలపేట, పడమట పెద్దనాయనిపేట, నడుమ బ్రాడ్వే వీథి. ఇదియే దాని స్వరూపము. పెద్దనాయడనగా పూర్వము నగరపు కావలి భారమును వహించిన తెలుగు నాయకుడు. అరవవారును, తెలుగువారును, గుజరాతీలును, మార్వాడీలును, అర్మనీ వర్తకులును పక్కపక్కల నివసించిన తావు అది. 1914వ సంవత్సరమున దినపత్రికగా వెలువడ నారంభించిన ఆంధ్రపత్రికకు కార్యస్థానమైన తంబుచెట్టి వీథి ఇచ్చటిదే. కావున ఈ పేట బళ్లను గూర్చిన ముచ్చట తెలుగువారికి పరుల యింటి ముచ్చట కాదు.

ఇరుగుపొరుగువారికి బడిని గూర్చిన జ్ఞాపకమేల యుండవలెనని కొంద రడుగవచ్చును. అందులకు సమాధానము పూర్వపు అరుగుబడిలో నున్నది. అరుగుబడికి గోడలు లేవు. అయ్యవారు వీథి అరుగుమీదనే పాఠము చెప్పెడివారు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచు, ఎక్కములను ఎలుగెత్తి వల్లించెడివారు. నీళ్లబిందెతో పోవు ఇల్లాలును, తట్ట దించుకొని నిలిచిన కూలివాడును ఆ పాఠమును వినుచునే యుండిరి. వీథి యంతయు బడియే, బడి యంతయు వీథియే. ఎగుమూరులోని అనాథబాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్ అను దొర, ఈ ఇసుకవ్రాతను చూచి తన ఆశ్రమమున ప్రవేశపెట్టెను. పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు పాఠము చెప్పించు పద్ధతిని గూర్చి 1797లో ఆయన గ్రంథము ప్రకటింపగా, అది మదరాసు పద్ధతియను పేరుతో ఇంగ్లండునందు వ్యాపించెను. మన వీథి అరుగు సముద్రములు దాటి పోయినది!

పిమ్మట గోడలుగల బళ్లు వచ్చినవి. పచ్చయప్ప మొదలియారు దుబాసీగా ధనమార్జించి 1794లో స్వర్గస్థుడయ్యెను. ఆయన ధర్మార్థము విడిచిన ధనము చిరకాలము వ్యాజ్యములలో చిక్కుకొని, తుదకు 1842లో పాఠశాలగా ఫలించెను. 1850 నాటికి ఎస్ప్లనేడు వద్ద, గ్రీసు దేశపు ఏథెన్సు నగరమందలి యొక దేవాలయమును పోలిన స్తంభములతో భవనము లేచినది. బాలవ్యాకరణకర్త యగు పరవస్తు చిన్నయసూరి, రాజధాని కళాశాలకు పోవుటకు పూర్వము, పచ్చయప్పవారి పాఠశాలలోనే తెలుగు చెప్పెను. సూత్రములు నేర్చిన వారెల్ల ఆయనను సూత్రములలోనే చూచెదరు. పిల్లలయెదుట కూర్చున్న ఉపాధ్యాయుని ఊహించువారు అరుదు. ఆనాటి శిష్యులనుండి ఆయన కంఠస్వరమెట్టిదో, కోపమెట్టిదో, చిరునవ్వెట్టిదో అడిగి వ్రాసియుంచినచో మన కెంత లాభము కలిగియుండెడిది!

ఇక జ్ఞాపకముల విలువను చూపు గొప్ప దృష్టాంతమును వినుడు. 1906లో శ్రీనివాస రామానుజన్ అను కుంభకోణపు యువకుడు పచ్చయప్ప కళాశాలలో చేరెను. కాపురము బ్రాడ్వే చెంత ఒక చిన్న సందులోని అమ్మమ్మ యింట. ఎఫ్.ఏ. పరీక్షయందు ఆతడు కృతార్థుడు కాలేదు. 1907లో మరల కూర్చుండియు తప్పెను. కార్యాలయపు చరిత్ర ఇంతటితో ముగిసినది: పేరు, తరగతి, తప్పినాడు అను ముక్క. కాని సహాధ్యాయుల చరిత్ర వేఱు. గణితాధ్యాపకుడగు సింగారవేలు మొదలియారు ఈ విద్యార్థిని చెంత కూర్చుండబెట్టుకొని గణితపత్రికలలోని చిక్కుప్రశ్నలను కలసి సాధించెడివాడని వారి జ్ఞాపకముల వలననే లోకమునకు తెలిసినది.

అంతకన్న హృదయమును కదల్చు విషయము మరియొకటి కలదు. కొంతకాలమునకు రామానుజన్ రోగగ్రస్తుడై స్వస్థలమునకు పోవలసివచ్చెను. సాగనంపుటకు వచ్చిన పచ్చయప్ప కళాశాల మిత్రుడు రాధాకృష్ణయ్యరు చేతిలో తన గణితపు పుస్తకము లుంచి, తాను మరణించినచో వానిని సింగారవేలు మొదలియారుకైనను, క్రైస్తవ కళాశాలలోని రాస్ దొరకైనను అప్పగింపుమని కోరెను. ఆలోచింపుడు. తప్పినాడని వ్రాసి పంపిన కళాశాలయందే, తన ప్రాణసమానమైన ధనమును ఒప్పగింపదగిన గురువు నాతడు చూచెను. రెండవ గురువు పనిచేసిన క్రైస్తవ కళాశాలయు 1937లో తాంబరమునకు తరలువరకు ఆ యెస్ప్లనేడు ప్రాంతమునందే యుండెను. పరీక్ష విడిచిపెట్టినవానిని ఆ పేట విడిచిపెట్టలేదు. బడి యనగా ఫలితముల పట్టిక కాదనియు, గురువు, మిత్రుడు, వీథి కలసిన బంధమనియు ఇంతకన్న చక్కగా చెప్పగల శాసనము లేదు.

ఆ పుస్తకములలో సిద్ధాంతములు కలవు గాని ఉపపత్తులు చాలవఱకు లేవు. ఏల లేవు? చేరువవారి జ్ఞాపకములే ఇందుకు ముఖ్యమైన సమాధానము. కాగితము ప్రియమగుటచే ఆతడు పలకమీద గుణించి, మోచేతితో తుడిచి, తుది ఫలమును మాత్రమే పుస్తకమున కెక్కించెడివాడట. తుడిచిన పలక ఏ భాండాగారమునను దొరకదు. చూచినవాని కన్నులలో మాత్రమే దొరకును.

ఈ జ్ఞాపకములు మనకు దక్కుటయు జార్జిటౌను బడి చలువయే. ముత్యాలపేట ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడగు పి.కె. శ్రీనివాసన్, రామానుజన్ గతించిన 48 సంవత్సరములకు, అనగా 1968లో, ఆయన లేఖలను, ఎఱిగినవారి జ్ఞాపకములను సమకూర్చి సంపుటముగా వెలువరించెను. ప్రకటించినవారు ఆ పాఠశాల పూర్వవిద్యార్థులే. రామానుజన్ 1887లో జన్మించినవాడు. ఆయన సహపాఠులు బ్రతికియున్నచో అప్పటికి 80 ఏండ్లవారు. ఇంకొక పదేండ్లు జాగు చేసియుండినచో, ఎవరినడిగిన నేమి ప్రయోజనము? ఈ పనిని చేసినది ఒక పాఠశాల యుపాధ్యాయుడు. దానికి కావలసిన మూలధనము ఓపిక.

అయినను జ్ఞాపకమును కన్నులు మూసికొని నమ్మరాదు. దానికి మూడు దోషములు కలవు. మొదటిది, దూరపు కొండలు నునుపు. బెత్తపు దెబ్బ కూడ ముదిమిలో తీపియగును. రెండవది, ఒకడు ప్రసిద్ధుడైన వెనుక ఆతనితో కూడి చదివినవారి సంఖ్య ఏటేట పెరుగును. మూడవది, ముందువెనుకలు తారుమారగును. ఒక అయ్యవారి మాట మరియొక అయ్యవారి నోట వినిపించును. కావున ఇద్దరిని వేఱువేఱుగా అడిగి, వారి మాటలను పట్టీలతో సరిచూచి గ్రహింపవలెను.

వీనికన్న పెద్దదోషము మౌనము. పూర్వవిద్యార్థులు లోపల నున్నదానినే చెప్పుదురు. వాకిట నిలిచిపోయినవారి మాట వారికి తెలియదు. పచ్చయప్ప కళాశాలలో 1947 వఱకు హిందువులకే ప్రవేశము. తెలుగు వ్యాకరణము వ్రాసిన క్యాంబెల్ దొర, బళ్లారి కలెక్టరుగా 1823లో ఆ జిల్లా బళ్లను లెక్కించి 533 బళ్లును, 6,641 మంది పిల్లలును కలరనెను. అందు ఆడపిల్లలు 60 మంది మాత్రమే. తక్కిన బాలికలు ఎక్కడ నుండిరి? ఏ హాజరు పట్టీయు చెప్పదు. ఇరుగుపొరుగు జ్ఞాపకము ఇచ్చటనే మిక్కిలి అవసరము. బడికి పోలేని చెల్లెలు అన్న వల్లించిన ఎక్కములను వంటింటినుండి విని నేర్చెనేమో! గేటు ముందర పండ్లమ్ముకొన్న అవ్వకు ఏ పిల్లవాడు పస్తుండెనో తెలిసియుండునేమో! వారి నడుగని బడిచరిత్ర సగము చరిత్రయే.

కాబట్టి నేను చెప్పదలచిన దిది. మీ యూరిలో పాతబడి యున్నయెడల, ముందుగా అందరికన్న వృద్ధుని యొద్దకు పొండు. “మీ బడి గొప్పదా?” అని అడుగకుడు, గొప్పదనియే చెప్పును. ఎక్కడ కూర్చుంటిరి, పక్కన నెవరుండిరి, మధ్యాహ్న మేమి తింటిరి, జీతమెవరు కట్టిరి, బడి మానినవా రెవరు, ఏల మానిరి అని అడుగుడు. ఆయన చెప్పిన భాషలోనే వ్రాయుడు; మీరు దిద్దకుడు. తేదీ వేయుడు. పిమ్మట వీథి దాటి ఎదురింటి తలుపు తట్టి, బడికి పోని ముదుసలిని గూడ అవే విషయములు అడుగుడు. రెండు కాగితములను ఒకచోట కుట్టి, ఆ బడిలోనే ఒక ప్రతి నుంచుడు.

గురుఋణము దక్షిణతో తీరునని పెద్దలనిరి. నూఱేండ్ల బడికి మనము చెల్లింపగల దక్షిణ ఇదియే. చెల్లింపవలసిన గడువు మాత్రము ఆ వృద్ధుల ఆయుర్దాయమంత.