యెరూషలేమును మరువని ఇండ్లు

శబరి నది గోదావరిలో కలిసే కూనవరం వైపు ఒక గృహకూడికలో విలాపవాక్యముల గ్రంథము చదువుకున్నాము. ప్రార్థన ముగిసిన తర్వాత ఒక యౌవనస్థుడు అడిగాడు: "అయ్యగారూ, ఆ గుడి కూలిపోయి రెండు వేల ఏండ్లు కావస్తోంది గదా! యూదులు ఇంకా ఆ గోడ దగ్గర ఏడవటం ఎందుకు?"

నేను జవాబు వెదుక్కునేలోగా గుమ్మం దగ్గర కూర్చున్న అవ్వ అన్నది: "ఊరు పోయినోళ్లని అడుగు బిడ్డా, చెబుతారు."

ఆ మాటకు అందరమూ మౌనముగా ఉండిపోయాము. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు ఒకప్పుడు మన ఖమ్మం జిల్లా మండలాలే. పోలవరం ముంపు కారణముగా 2014లో వాటిని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ గ్రామాల వారు పడిన బాధ మనం చూశాము. పునరావాస కాలనీలో పక్కా ఇల్లు ఇచ్చినా, "మీదే ఊరు?" అంటే వారి నోట వచ్చేది పాత ఊరి పేరే. సమాధులు అక్కడ, చింతచెట్టు అక్కడ, మొదటి ప్రార్థన మందిరము అక్కడ.

యూదులకు యెరూషలేము ఎటువంటిదో తెలుసుకోవడానికి ఆ అవ్వ మాటే మనకు తలుపు తెరిచింది.

రెండుసార్లు కూలిన ఆలయము

క్రీస్తుపూర్వం సుమారు 1000లో దావీదు యెబూసీయుల పట్టణమైన యెరూషలేమును పట్టుకొని తన రాజధానిగా చేసుకున్నాడు. ఆయన కుమారుడు సొలొమోను అక్కడ దేవాలయము కట్టించాడు. క్రీ.పూ. 586లో బబులోను సైన్యము దానిని కాల్చివేసి ప్రజలను చెరపట్టింది. పారసీక రాజు కోరెషు సెలవిచ్చిన తర్వాత తిరిగివచ్చినవారు రెండవ ఆలయము కట్టుకున్నారు. మన ప్రభువు నడిచినది ఆ ఆలయ ఆవరణములోనే. క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు దానినీ నేలమట్టము చేశాడు. 135లో యూదుల తిరుగుబాటును అణచిన హద్రియను చక్రవర్తి పట్టణము పేరు మార్చి, యూదులు అందులో అడుగు పెట్టకూడదని ఆజ్ఞాపించాడు.

నేడు యూదులు ప్రార్థించే పడమటి గోడ ఆలయపు గోడ కాదు. హేరోదు రాజు ఆలయ ఆవరణమును విశాలపరచినప్పుడు దాని చుట్టూ కట్టించిన ప్రహరీలో మిగిలిన భాగము. ఆలయము పోయినా ఆ గోడ మిగిలింది, అందుకే అంత ప్రియమైనది.

గోడ మీద మూరెడు చోటు

ఆలయము లేదు, రాజు లేడు, దేశము లేదు. మరి దాదాపు పందొమ్మిది వందల ఏండ్లు ఆ జ్ఞాపకమును ఎవరు కాపాడారు? ఇండ్లు కాపాడాయి. తండ్రులు, తల్లులు కాపాడారు.

యూదుడు ఏ దేశములో ఉన్నా యెరూషలేము వైపు తిరిగి ప్రార్థిస్తాడు. భోజనము తర్వాత చెప్పే స్తుతిలో ఆ పట్టణము తిరిగి కట్టబడాలని అడుగుతాడు. పెండ్లిలో వరుడు గాజుపాత్రను కాలితో పగులగొడతాడు. అంత సంతోషములోనూ కూలిన ఆలయము గుర్తుండాలని. ఆబు నెల తొమ్మిదవ దినమున ఉపవాసముండి, నేల మీద కూర్చుండి విలాపవాక్యములు చదువుతారు. పస్కా భోజనము చివర, వచ్చే సంవత్సరము యెరూషలేములో ఉండాలని కోరుకుంటారు.

మరొక ఆచారము నా మనస్సును మరీ తాకింది. కొత్త ఇల్లు కట్టుకొన్నవాడు గుమ్మానికి ఎదురుగా గోడ మీద ఒక మూరెడు చోటు పూత పూయకుండా విడిచిపెట్టాలని రబ్బీలు చెప్పారు. క్రిస్మస్ వస్తున్నదంటే మనం మూలమూలకూ సున్నము వేస్తాము. వారు ఆ మూరెడు చోటు కావాలనే వదిలేస్తారు. పిల్లవాడు "అదేమిటి నాన్నా?" అని అడుగుతాడు. తండ్రి కథ చెబుతాడు.

మన తెలుగు నేల మీద

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రపు వారమని చెప్పుకుంటున్నాయి. వారిని బెనె ఎఫ్రాయిము అంటారు. అంతకు ముందు వారు బాప్టిస్టు సంఘస్థులు. 1990ల ఆరంభములో సమాజమందిరము ఏర్పరచుకొని, సబ్బాతు ఆచరిస్తూ, హెబ్రీ నేర్చుకోసాగారు. వారి గురించి ఇద్దరు పరిశోధకులు రాసిన గ్రంథము 2013లో వెలువడింది. వారి వంశపు మాటను చరిత్ర రుజువు చేయలేదు. అయినా వారిని నవ్వులాట చేయడము మనకు తగదు. ఊరి చివర నిలబెట్టబడిన మనిషి, నాకూ ఒక పట్టణమున్నది, నాకూ పితరులున్నారు అని చెప్పుకోవడములోని ఆకలి మనకు తెలియనిదా? మనమూ మన మందిరాలకు సీయోను అనీ షాలేము అనీ పేర్లు పెట్టుకున్నాము గదా!

అదే పట్టణము, మరికొందరి కన్నీరు

అయితే ప్రియ పాఠకులారా, ఆ పట్టణమును ప్రేమించేది యూదులు మాత్రమే కాదు. మన ప్రభువు సిలువ, సమాధి అక్కడివే. ఆలయమున్న గుట్ట మీద ఏడవ శతాబ్దము చివర కట్టిన బంగారు గుమ్మటము, దాని దగ్గరి అల్-అక్సా మసీదు ముస్లిములకు పరిశుద్ధమైనవి. 1948 యుద్ధములో లక్షలాది పాలస్తీనీయులు ఇండ్లు కోల్పోయారు. ఆ ఇంటి తాళపుచెవులను ఈనాటికీ దాచుకున్న కుటుంబాలున్నాయి. వారిలో క్రైస్తవులూ ఉన్నారు. అదే యుద్ధములో యూదులు పాత పట్టణమును పోగొట్టుకొని, 1967 వరకు పడమటి గోడ దగ్గరకు వెళ్లలేకపోయారు. ఆ ఏడు ఇశ్రాయేలు తూర్పు యెరూషలేమును పట్టుకుంది. 1980లో పట్టణమంతా తన రాజధాని అని చట్టము చేసింది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి దానిని అంగీకరించలేదు. పాలస్తీనీయులు తూర్పు భాగమును తమ రాజధానిగా కోరుతున్నారు.

2023 అక్టోబరు 7 దాడి, ఆ తర్వాత గాజా యుద్ధము వచ్చినప్పుడు మన సంఘాలలోనూ రెండు విధాల మాటలు వినిపించాయి. యూదులు శాపగ్రస్తులని ఒకరు, యుద్ధము ప్రవచన నెరవేర్పు గనుక చనిపోయినవారి కోసం దుఃఖించనక్కరలేదని మరొకరు. రెండూ క్రీస్తు మనస్సు కావు. ఆయన ఆ పట్టణమును చూచి దాని మీదికి రాబోయే నాశనమును తలచి ఏడ్చాడని లూకా సువార్త 19వ అధ్యాయము చెబుతున్నది. యూదుల ప్రేమ నిజమైనది, ప్రాచీనమైనది. దానిని కాదనడము అబద్ధము. ఆ ప్రేమను చూపి మరొకరి ఇల్లు లెక్కలోనిది కాదనడము అన్యాయము.

ఊరు పోయినోళ్లని అడగమన్నది అవ్వ. ఆమె ఏ జాతి అని అడగలేదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో 122వ కీర్తన చదవండి. యెరూషలేము క్షేమము కొరకు అడిగేటప్పుడు అక్కడి యూదుల ఇంటినీ, ముస్లిముల ఇంటినీ, క్రైస్తవుల ఇంటినీ తలచుకోండి. మన గోదావరి ఒడ్డున ఊరు విడిచిన కుటుంబాలనూ మరువకండి. మీ పొరుగున అటువంటివారుంటే వెళ్లి వారి పాత ఊరి కథ చెప్పమనండి. పిల్లలను దగ్గర కూర్చోబెట్టి వినిపించండి.